గుండె మాట విని సైకిలు తొక్కుదాం

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ సైకిలు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. రోడ్డుమీద పోయే సైకిలు కాదండీ, ఎంత తొక్కినా ఉన్నచోటునుంచి అంగుళం కదలని సైకిలు. హైదరాబాదు, విశాఖపట్నంలాంటి ఊళ్ళల్లో కొన్ని జిమ్ముల్లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక గదే ఉంటుంది. పదిహేనో ఇరవయ్యో సైకిళ్ళు వరసగా వేసి ఉంటాయి. ఎదురుగా శిక్షకురాలు తన సైకిలు మీద కూర్చుంటుంది. పాట హోరెత్తిపోతూంటుంది. "బిగించండి, లేవండి, ఇంకా వేగం" అంటూ ముప్పావుగంట సేపు అందరిచేతా తొక్కిస్తుంది. దీన్నే ఇండోర్ సైక్లింగ్ క్లాసు అంటారు. స్పిన్నింగ్ అనే పేరు కూడా మీరు విని ఉంటారు.

దీని పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా. దక్షిణాఫ్రికానుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ జోనాథన్ గోల్డ్‌బర్గ్ అనే సైకిలు పందాల ఆయన, అమెరికా ఈ కొసనుంచి ఆ కొసకు సాగే పందానికి ఇంటిపట్టునే సాధన చేసుకోవాలని 1980లలో ఇలాంటి సైకిలు తయారు చేసుకున్నాడు. తరవాత దానిమీదే పదిమందికీ నేర్పడం మొదలుపెట్టాడు. 1990లలో అది దేశదేశాలకూ పాకింది.

నలభై దాటిన ఆడవాళ్ళకి ఇది మంచి వ్యాయామమే. ఒంటి బరువు సీటు మోస్తుంది కనక పరుగులాగా మోకాళ్ళకి దెబ్బ తగలదు. ఎండా వానా లేవు, బస్సుల భయం లేదు. చిక్కల్లా ఒక్కటే. పక్కన ఇరవైమంది ఉన్నప్పుడు మన శక్తి ఎంతో మనం చూసుకోం, పక్కావిడ వేగం చూస్తాం. దానికితోడు కొన్ని క్లాసుల్లో గోడమీద తెర పెట్టి, అందరి గుండె వేగాలూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్ళల్లో చూపిస్తున్నారు. పక్కావిడ ఎర్ర గడిలోకి పోయింది, నేనింకా పచ్చ గడిలోనే ఉన్నానేమిటని కంగారుపడి, ఊపిరి అందకపోయినా తొక్కేవాళ్ళు కొందరు. ఎర్రరంగు చూసి హడలిపోయి, మర్నాటినుంచి క్లాసే మానేసేవాళ్ళు మరికొందరు. ఆ అంకె అర్థమేమిటో తెలిస్తే ఈ రెండు అవస్థలూ ఉండవు.

ఆ అంకె ఎక్కణ్ణించి వస్తుంది?

గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పేదే ఆ అంకె. మణికట్టు దగ్గర మూడు వేళ్ళు ఆనించి నాడి లెక్కపెట్టుకోవడం మన అమ్మమ్మల నాటినుంచీ ఉన్నదే. కాని సైకిలు తొక్కుతూ లెక్కపెట్టుకోవడం కుదరదు. ఫిన్లండులో 1977లో మొదలైన పోలార్ అనే కంపెనీ, మంచుమీద స్కీ పందాలాడేవాళ్ళ కోసమని 1982లో వైరు అక్కర్లేని పరికరం తెచ్చింది. ఛాతీకి ఒక పట్టీ కట్టుకుంటే గుండెలోని విద్యుత్తు సంకేతాన్ని పట్టి, వేగం ఎంతో చేతి గడియారంలో చూపించేది. ఇప్పుడు మన పిల్లలు కొనిపెట్టే గడియారాలు చర్మం మీద వెలుతురు వేసి, లోపల రక్తం పొంగే తీరునుబట్టి లెక్క కడతాయి. హేండిలు గట్టిగా పట్టుకున్నప్పుడూ, చెమట పట్టినప్పుడూ ఆ లెక్క తప్పుతూంటుంది. ఛాతీ పట్టీ ఎక్కువ నమ్మకమైనది.

ఇక గడి రంగు ఎలా నిర్ణయిస్తారంటే, చాలాచోట్ల 220లోంచి మీ వయసు తీసేస్తారు. నలభై అయిదేళ్ళావిడకి 175 వస్తుంది. అదే ఆవిడ గుండెకి గరిష్ఠ వేగమని యంత్రంలో వేసేస్తారు. ఈ సూత్రం 1971నాటి ఒక వైద్య వ్యాసంనుంచి ప్రచారంలోకి వచ్చింది. దీన్ని ఎవరో కూర్చుని వేలమందిని కొలిచి కట్టలేదు, ఉన్న అంకెలు చూసి ఉజ్జాయింపుగా గీసిన గీత అది. 2010లో షికాగోలో మార్తా గులాటి అనే డాక్టరు బృందం అయిదువేల పైచిలుకు స్త్రీలను పరీక్షించి, ఆడవాళ్ళకి వేరే లెక్క ఇచ్చింది: వయసుని 0.88తో హెచ్చవేసి 206లోంచి తీసెయ్యాలి. అదే నలభై అయిదేళ్ళావిడకి 166 వస్తుంది. ఇంతలోనే తొమ్మిది తేడా!

ఈ రెండో లెక్క కూడా సగటు మాత్రమే. ఒకే వయసున్న ఇద్దరు ఆరోగ్యవంతుల మధ్య గరిష్ఠ వేగం ఇరవై తేడా ఉండవచ్చు. అది జబ్బూ కాదు, గొప్పా కాదు. ఒకే అంగడిలో కొన్న రెండు కుక్కర్లు ఒకే నిమిషానికి కూత వెయ్యవు కదా! అందుకని పక్కావిడకి 150 కష్టమైతే మీకూ కష్టమవాలనీ లేదు, ఆవిడకి సుఖమైతే మీకూ సుఖమవాలనీ లేదు.

గడపలు రెండు

మరి దేన్ని పట్టుకోవాలి? శిక్షకులు త్రెషోల్డ్ అనే మాట వాడతారు. త్రెషోల్డ్ అంటే గడప. శ్రమ పెరిగేకొద్దీ ఒళ్ళు రెండు గడపలు దాటుతుంది. అవెక్కడున్నాయో తెలుసుకోవడమే ఇందులో అసలు సంగతి.

వంటింట్లో సింకు తలుచుకోండి. కుళాయి సన్నగా విప్పితే పడ్డ నీళ్ళు పడ్డట్టే పోతాయి. ఇంకాస్త విప్పితే అడుగున కొద్దిగా నీరు నిలుస్తుంది, అయినా తూము తట్టుకుంటుంది. పూర్తిగా విప్పారా, తూములోంచి పోయేదానికన్నా పడేది ఎక్కువై సింకు నిండుతూ వస్తుంది. తొక్కుతున్నప్పుడు కండరాల్లో లాక్టేట్ అనే పదార్థం తయారవుతుంది. అది తయారవడం కుళాయి, ఖర్చవడం తూము. నెమ్మదిగా తొక్కినంతసేపూ రెండూ సరిపోతాయి. ఒక స్థాయిలో లాక్టేట్ రక్తంలో కొద్దిగా నిలవడం మొదలవుతుంది, ఊపిరి కాస్త లోతవుతుంది. అది మొదటి గడప. ఇంకా శ్రమిస్తే తయారయ్యేది ఖర్చయ్యేదాన్ని మించిపోతుంది. ఊపిరి వేగం ఒక్కసారిగా పెరుగుతుంది, కాళ్ళు మండుతాయి. అది రెండో గడప. మంచి సాధన ఉన్నవాళ్ళు ఆ గడప మీద ఇంచుమించు గంట నిలవగలరు. దాటితే ఎవరికైనా నిమిషాల లెక్కే.

లాక్టేట్ అంటే విషమనీ, మర్నాటి ఒళ్ళునొప్పులకి అదే కారణమనీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలుకి వచ్చేస్తుంది. పైగా గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాటి నొప్పి అలవాటులేని కండరాలు నలిగినందువల్ల వచ్చేది.

పద్యం పరీక్ష

ఈ గడపలు కనుక్కోవడానికి ప్రయోగశాలల్లో వేలికొస గుచ్చి రక్తం తీస్తారు, ముక్కూ నోరూ మూసే మాస్కు తగిలించి ఊపిరి కొలుస్తారు. మనకవేవీ అక్కర్లేదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం లాక్రాస్ శాఖలో కార్ల్ ఫోస్టర్ అనే ఆయన బృందం, వ్యాయామం చేస్తున్నవాళ్ళచేత తమ దేశపు ప్రతిజ్ఞ చెప్పించి చూసింది. హాయిగా చెప్పగలిగినంతసేపూ మొదటి గడప లోపల ఉన్నట్టే. మాట్లాడ్డం హాయిగా లేదనిపించేసరికి ఇంచుమించు రెండో గడప దగ్గరికి వచ్చినట్టు తేలింది.

మనకి పద్యాలకేం కొదవ? చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న వేమన పద్యం ఒకటి జ్ఞాపకం చేసుకోండి. సైకిలెక్కి పది నిమిషాలు తేలిగ్గా తొక్కండి. ఆ తరవాత ప్రతి మూడు నిమిషాలకీ బిగింపు మరను ఒక్క పిసరు తిప్పండి. మూడో నిమిషం చివర పద్యం పైకి చెప్పి, గడియారంలో అంకె చూసుకోండి.

నాలుగు పాదాలూ ఇంట్లో చెప్పినంత హాయిగా వస్తే మొదటి గడప లోపలే ఉన్నారు. చెప్పగలరుగాని పాదం పాదానికీ ఊపిరి తీసుకోవలసివస్తే మొదటి గడప దాటారు. తేడా మొదటిసారి తెలిసినప్పుడు అంకె ఎంతో కాయితం మీద రాసుకోండి. రెండు మూడు మాటలకే ఊపిరి తెగిపోతూంటే రెండో గడపకి చేరినట్టు. ఆ అంకె కూడా రాసుకుని, బిగింపు వదిలి, నెమ్మదిగా తొక్కి దిగండి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి గడప దగ్గరే ఆగిపోవాలి. రెండోది చూసుకోవడం ఒకటి రెండు నెలలు అలవాటయ్యాకే.

ఆరునెలలనుంచీ క్రమంగా తొక్కుతున్నవాళ్ళకి మరో పద్ధతి ఉంది. జో ఫ్రీల్ అనే అమెరికన్ శిక్షకుడు దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఒళ్ళు బాగా వేడెక్కాక ఒక అరగంట, చివరిదాకా నిలుపుకోగలిగినంత గట్టిగా ఒకే తీరున తొక్కాలి. అందులో చివరి 20 నిమిషాల సగటు గుండె వేగమే మీ రెండో గడప. అది 150 వచ్చిందనుకోండి. 121 దాకా బొత్తిగా తేలిక. 122 నుంచి 134 దాకా ఎక్కువసేపు నిలవగలిగే శ్రమ. 141 నుంచి 149 దాకా గడప అంచున నడక. 150 దాటితే గడప అవతల. వయసులెక్కతో వచ్చిన గళ్ళకన్నా ఇవి మీ ఒంటికి దగ్గరగా ఉంటాయి. డాక్టరు సరేనన్నవాళ్ళే ఈ అరగంట పరీక్ష చెయ్యాలి సుమా!

క్లాసులో ఎలా వాడుకోవాలి?

వారానికి మూడు క్లాసులకి వెళతారనుకుందాం. మూడూ ఎర్రగడిలో తొక్కితే మూడింతల లాభం రాదు, అలసట మాత్రం మూడింతలవుతుంది. రెండు రోజులు మొదటి గడప లోపలే తొక్కండి. "ఇదీ ఒక వ్యాయామమేనా" అనిపించేటంత తేలిగ్గా ఉంటుంది. ఉండనివ్వండి. కండరాలకి రక్తం అందించే సన్నని నాళాలు పెరగడానికీ, కొవ్వుని ఇంధనంగా వాడుకునే శక్తి రావడానికీ పునాది పడేది అప్పుడే.

మిగిలిన ఒక్కరోజూ గడప పని. పది నిమిషాలు వేడెక్కండి. తరవాత రెండో గడపకి కొంచెం లోపలగా ఆరు నిమిషాలు తొక్కండి, మూడు నిమిషాలు వదులుగా తొక్కండి. అలా మూడుసార్లు. చివర ఎనిమిది నిమిషాలు చల్లబడండి. మొత్తం ముప్పావుగంట సరిపోయింది. అంచున కాసేపుండి వెనక్కి వస్తూంటే తూము వెడల్పవుతుంది, అంటే లాక్టేట్‌ను ఖర్చుచేసే శక్తి పెరుగుతుంది. గడపే పైకి జరుగుతుంది.

క్లాసులో అంకెలు చూసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, గుండె అంకె ఆలస్యంగా వస్తుంది. అరనిమిషం జోరుగా తొక్కితే గడియారం అది చూపించేలోపల ఆ జోరు అయిపోతుంది కూడాను. అంకె పెరగలేదని ఇంకా జోరు చెయ్యకండి. చిన్న చిన్న జోరులకి ఊపిరే కొలత. రెండోది, ఒకే బిగింపు మీద ఒకే తీరున తొక్కుతున్నా అరగంట గడిచేసరికి అంకె పది దాకా పాకవచ్చు. చెమటరూపంలో నీరు పోవడం, ఒళ్ళు కాగడం అందుకు కారణం. ఫాను గాలి తగిలేచోట సైకిలు ఎంచుకోండి, సీసాతో నీళ్ళు దగ్గర ఉంచుకోండి, చివరి పావుగంటలో అంకెకన్నా పద్యాన్నే నమ్మండి.

ఒకటి రెండు చిన్న విషయాలు కూడా. సైకిలు పక్కన నిలబడితే సీటు మీ తుంటి ఎముక ఎత్తుకి రావాలి. చున్నీ వేసుకుని ఎక్కకండి, చక్రంలోనో పెడల్లోనో చుట్టుకుంటుంది. ఏకాదశి, శనివారం ఉపవాసాలున్న రోజున గడప పని పెట్టుకోకండి, తేలిక తొక్కుడు చాలు. రాత్రి నిద్ర లేకపోయినా, జ్వరం తగిలి తగ్గినా అంతే.

ఎవరు జాగ్రత్తపడాలి?

అసలు ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే. రక్తపోటుకో, గుండెదడకో, పార్శ్వపు నొప్పికో మాత్రలు వాడేవాళ్ళు మనలో ఎంతోమంది. ఇంట్లో మీ మందుల చీటీ తీసి చూడండి. మెటొప్రొలాల్, అటెనొలాల్, ప్రొప్రనొలాల్ అని చివర "లాల్" వచ్చే మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి. ఆ మాత్ర వేసుకున్నావిడ ఎంత కష్టపడ్డా అంకె 120 దాటకపోవచ్చు. తెరమీద మాత్రం పచ్చగడిలోనే కనిపిస్తుంది. "ఇంకా బిగించండి ఆంటీ, మీరు బద్ధకిస్తున్నారు" అని శిక్షకురాలు అంటే, ఆ పిల్ల తప్పు కాదు. తనకి తెలియదు. "చూడమ్మా, నేను గుండె వేగం తగ్గించే మాత్ర వాడుతున్నాను. నాకు తెరమీది అంకె వర్తించదు, నా ఊపిరినిబట్టి తొక్కుతాను" అని ముందే చెప్పండి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అంకె కోసమని మాత్ర మానెయ్యడం మాత్రం ప్రాణంమీదికి తెచ్చుకోవడమే.

రెండోది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 57మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తి తగ్గితే, ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. నాలుగు తొక్కులకే అంకె ఎగిరి కూర్చుంటే "నాకు సాధన లేదు" అని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నా ఇలాగే జరుగుతుంది. చక్కెర జబ్బుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు క్లాసుకి ముందూ వెనకా చక్కెర చూసుకోవాలి. గర్భిణులు తమ డాక్టరుని అడగకుండా సైకిలెక్కకూడదు.

మూడోది మొట్టమొదటి క్లాసు. ఎన్నడూ అలవాటు లేనివాళ్ళు మొదటిరోజే అందరితో సమానంగా తొక్కితే తొడ కండరాలు లోపల చితికి, ఆ పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకి చేటు తెచ్చిన సందర్భాలు వైద్యపత్రికల్లో చాలా వచ్చాయి. క్లాసు తరవాత ఒకటి రెండు రోజుల్లో తొడలు విపరీతంగా వాచి నొప్పిపెట్టినా, మూత్రం డికాషన్ రంగులోకి తిరిగినా ఇంటి చిట్కాలతో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి వారం పావుగంటో ఇరవై నిమిషాలో తొక్కి దిగిపోవడానికి మొహమాటపడకండి.

ఇక తొక్కుతూండగా గుండెమీద బరువు పెట్టినట్టున్నా, దవడకో భుజానికో చేతికో నొప్పి పాకినా, కళ్ళు తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, శ్రమకి మించిన ఆయాసం వచ్చినా వెంటనే ఆపి చెప్పండి. ఆడవాళ్ళలో గుండెజబ్బు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వికారం రూపంలోనే వస్తుంది. గ్యాసులే అని సోడా తాగి ఇంటికి పోవద్దు. 108కి ఫోన్ చేయించండి.

ఫలితం ఎప్పుడు తెలుస్తుంది?

బరువు తూచే యంత్రం చెప్పకముందే గుండె చెబుతుంది. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందు నాడి చూసుకుని రాసిపెట్టుకోండి. రెండు నెలలయ్యాక మళ్ళీ చూస్తే నాలుగైదు తగ్గి ఉండవచ్చు. ఇదివరకు 130 వచ్చిన బిగింపుకి ఇప్పుడు 122 వస్తే గడప పైకి జరిగినట్టే. గట్టిగా తొక్కి ఆపిన మొదటి నిమిషంలో అంకె ఎంత చప్పున దిగితే అంత మంచిది. ఇంట్లో తేడా ఇంకా ముందే కనిపిస్తుంది. మూడో అంతస్తుకి కూరల సంచీతో ఎక్కి, తలుపు తీసిన మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగారనుకోండి, అంతకన్నా వేరే పరీక్ష ఏం కావాలి?

సైకిలు క్లాసుకి వెళ్ళే వీలులేనివాళ్ళు ఇదంతా మనకెందుకనుకోకండి. మేడమీద నడిచినా, పార్కులో నడిచినా గడపలు అవే, పద్యం అదే. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మధ్యరకమంటే ఏదో కాదు, మాట్లాడగలిగి, పాట పాడలేని శ్రమ.

కనక రేపు క్లాసుకి బయల్దేరేముందు మందుల చీటీ ఒకసారి చూసుకోండి, నీళ్ళ సీసా నింపుకోండి, ఒక పద్యం జ్ఞాపకం చేసుకోండి. గోడమీది రంగులు ఏమన్నా అననివ్వండి. మీ ఊపిరి సరేనన్నంతమేరకే తొక్కండి.

సెలవు.